మంగోలులు చైనాను ఏలారా, చైనాయే వాళ్లను అరిగించుకుందా?

పాత పేజీ | శుక్రవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మొన్న మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. చైనాను గెలిచినవాడు ఎవడైనా చివరికి చైనావాడే అయిపోతాడట, మంగోలులు వందేళ్లు ఏలినా ఏ గుర్తూ మిగల్చకుండా ఆ జనంలో కలిసిపోయారట. మా బాబాయి "నూటికి నూరుపాళ్లు నిజం" అని కింద రాశారు. నాకు మాత్రం మనసొప్పలేదు. అంత పెద్ద దేశాన్ని బయటివాళ్లు అన్నేళ్లు ఏలితే జనం మాటలోనో తిండిలోనో బట్టలోనో ఏదో ఒకటి మారకుండా ఉంటుందా? తెలుగులో వెతికితే చెంఘిజ్ ఖాన్ యుద్ధాలు తప్ప ఆ తర్వాత మంగోలులు చైనాను ఏలిన యువాన్ వంశం కాలం గురించి పెద్దగా దొరకడం లేదు. తెలిసినవాళ్లు వివరంగా రాయండి. బాబాయికి జవాబు చెప్పడం కోసమే కాదు, నాకే తెలుసుకోవాలని ఉంది.

కృష్ణాతీరం మేష్టారు | శుక్రవారం, రాత్రి 10:02

మంచి ప్రశ్న బాబూ. ముందు కాలం లెక్క సరిచూసుకుందాం, ఆ "వందేళ్లు" అనడంలోనే సగం పొరపాటు ఉంది. అప్పటికి చైనా ఒక్క రాజ్యం కాదు. ఉత్తరాన జుర్చెన్లు అనే మంచూరియా తెగవాళ్ల జిన్ వంశం, దక్షిణాన సాంగ్ వంశం. ఇప్పటి బీజింగ్ ఉన్నచోట జిన్ రాజధాని ఉండేది, దాన్ని చెంఘిజ్ సేనలు 1215లో పట్టుకున్నాయి. 1234కల్లా జిన్ వంశం అయిపోయింది. దక్షిణం మాత్రం ఇంకో 45 ఏళ్లు నిలబడింది. షియాంగ్‌యాంగ్ కోట ఒక్కటే 1268 నుంచి 1273 దాకా ముట్టడిని తట్టుకుంది, పశ్చిమాసియా నుంచి ముస్లిం నిపుణులను రప్పించి పెద్ద పెద్ద రాళ్లు విసిరే యంత్రాలు కట్టిస్తే గానీ లొంగలేదు. 1271లో చెంఘిజ్ మనవడు కుబ్లాయ్ ఖాన్ తన రాజ్యానికి "మహా యువాన్" అని చైనా భాషలో పేరు పెట్టాడు. 1276లో సాంగ్ రాజధాని, ఇప్పటి హాంగ్‌జౌ, చేతికొచ్చింది. 1279లో యామెన్ దగ్గర సముద్రం మీద ఆఖరి యుద్ధం. ఇక లాభం లేదని తేలాక మంత్రి లూ షియూఫు బాల చక్రవర్తితో సహా నీళ్లలో దూకి ప్రాణం వదిలాడు.

అంటే 1368లో యువాన్ పాలన ముగిసేనాటికి ఉత్తరాది వాళ్లు 134 ఏళ్లకు పైగా మంగోలుల కింద ఉన్నారు, దక్షిణాది వాళ్లు 90 ఏళ్లు కూడా లేరు. పైగా ఉత్తరాదివాళ్లు అంతకుముందు వందేళ్లు జుర్చెన్ల కింద బతికినవాళ్లే, వాళ్లకు పరాయి రాజు కొత్తేమీ కాదు. దక్షిణాది పండితుడికి మాత్రం ఆకాశం విరిగి మీద పడ్డట్టే. వెన్ తియాన్‌శియాంగ్ అనే సాంగ్ మంత్రిని పట్టుకుని మూడేళ్లకు పైగా చెరలో పెట్టారు, పదవి ఇస్తామని కుబ్లాయే స్వయంగా అడిగినా ఆయన తల వంచలేదు, 1283లో తల తీశారు. ఆయన పేరు ఈనాటికీ చైనా పిల్లలు చదువుకుంటారు. కాబట్టి "చైనా మీద ప్రభావం" అన్నప్పుడు ఏ చైనా, ఎవరి మీద అని ముందే అడగాలి.

ఎర్ర సిరా | శుక్రవారం, రాత్రి 10:40

ప్రభావం అనగానే అందరూ నాటకాలు, పింగాణీ, మార్కో పోలో అంటూ మొదలుపెడతారు. నాకది బాధగా ఉంటుంది. సాంగ్, జిన్ రెండు రాజ్యాల జనాభా కలిపితే పది కోట్లు దాటేది. 1290 నాటి యువాన్ లెక్కల్లో ఉన్నది సుమారు 5.88 కోట్లు! మిగిలినవాళ్లు ఏమయ్యారు? బతికినవాళ్లను నాలుగు అంతస్తులుగా పెట్టారు. పైన మంగోలులు, తర్వాత సెము అని పిలిచే మధ్యాసియా, పశ్చిమాసియా వాళ్లు, తర్వాత ఉత్తరాది హాన్‌రెన్, అందరికంటే కింద దక్షిణాది నాన్‌రెన్. చైనావాళ్లు ఆయుధం ఉంచుకోకూడదు. తాగిన గొడవలో మంగోలు చైనావాడిని చంపితే అంత్యక్రియల ఖర్చు కట్టి యుద్ధానికి వెళ్తే సరిపోయేది. ఇది కూడా ఆ పాలన గుర్తే కదా, దీన్ని వదిలేసి మాట్లాడకండి.

కృష్ణాతీరం మేష్టారు | శుక్రవారం, రాత్రి 10:58

వదిలేయమని ఎవరూ అనరు. ఒక్క మాట మాత్రం చెప్పాలి, ఆ 5.88 కోట్లు పన్ను లెక్కల్లోకి ఎక్కినవాళ్లు. దొరల కింద బానిసలుగా పోయినవాళ్లు, పారిపోయినవాళ్లు, లెక్కలవాళ్లు చేరలేని మారుమూలవాళ్లు అందులో లేరు. అయినా ఉత్తర చైనాలో జరిగింది ఘోరమే, అందులో అనుమానం లేదు. చెంఘిజ్ కొడుకు ఒగదాయ్ కాలంలో ఒక మంగోలు సర్దారు "ఈ చైనావాళ్లతో మనకేం పని, వీళ్లను తీసేసి పొలాలన్నీ గుర్రాల మేతకు వదిలేద్దాం" అన్నాడు. ఖితాన్ జాతివాడైన యేలూ చూత్సాయ్ అనే సలహాదారు అడ్డుపడి, సరిగా పన్ను వేస్తే ఏటా 5 లక్షల లియాంగుల (లియాంగ్ అంటే చైనా తూకం) వెండి, 80 వేల తానుల పట్టు వస్తాయని లెక్క కట్టి చూపించాడు. దయ చూపమని అడిగితే వినేవాళ్లు కాదని ఆయనకు తెలుసు, అందుకే ఖజానా భాషలో చెప్పి అన్ని ప్రాణాలు నిలబెట్టాడు. నాకు ఆ కాలంలో అందరికంటే ఇష్టమైన మనిషి ఆయనే.

బీజింగ్ బాటసారి | శనివారం, ఉదయం 6:35

నేను ఉద్యోగరీత్యా బీజింగ్‌లో ఉండబట్టి ఆరేళ్లయింది. ఏ గుర్తూ మిగల్లేదు అన్నవాళ్లు ఇక్కడ ఒక్కరోజు మెట్రో ఎక్కితే చాలు. ప్రతి స్టేషన్ పేరు చివర "జాన్" అని ఉంటుంది. రైల్వే స్టేషన్ హువోచే జాన్, బస్‌స్టాప్ చేజాన్, ఆఖరికి వెబ్‌సైట్‌ని కూడా వాంగ్‌జాన్ అంటారు. స్టేషన్ అనే అర్థంలో ఆ మాట చైనాది కాదు, మంగోలుల "జామ్" నుంచి వచ్చింది. రాజ్యం ఈ చివర నుంచి ఆ చివర దాకా గుర్రాలు మార్చుకుంటూ వార్త మోసే మజిలీల ఏర్పాటు పేరు జామ్. రోజుకు కోటి మంది నోట్లో ఆడే మాట కన్నా పెద్ద గుర్తు ఇంకేం కావాలి?

ఇంకోటి. ఇక్కడ ప్రావిన్సును "షెంగ్" అంటారు. కేంద్రంలోని ప్రధాన కార్యాలయానికి చైనాలో ఎప్పటినుంచో ఉన్న పేరులోని ముక్క అది. యువాన్ వాళ్లు దేశం నలుమూలలా ఆ కార్యాలయానికి శాఖలు పెట్టారు, రానురాను ఆ శాఖ ఏలే నేలకే షెంగ్ అని పేరు స్థిరపడింది. పాత ఊరి ఇరుకు సందులను హూతోంగ్ అంటారు, అది మంగోలు భాషలో బావిని చెప్పే మాట నుంచి వచ్చిందని చాలామంది చెబుతారు. అసలు బీజింగ్ మొత్తం చైనాకు రాజధాని అయ్యిందే కుబ్లాయ్ వల్ల. అప్పటి పేరు దాదూ. అంతకుముందు చైనా మొత్తాన్ని ఏలినవాళ్లెవరూ ఇంత ఉత్తరాన కూర్చోలేదు.

నిఖార్సు | శనివారం, ఉదయం 8:20

జాన్ అంటే చైనా భాషలో "నిలబడు" అనే అర్థం ముందే ఉంది కదండీ. అందులోంచే స్టేషన్ వచ్చి ఉండొచ్చు, మంగోలుల దాకా ఎందుకు?

బీజింగ్ బాటసారి | శనివారం, ఉదయం 8:51

మంచి అనుమానమే. నిలబడు అనే మాట ముందే ఉంది, మంగోలు మాట పలుకు దానికి దగ్గరగా ఉంది కాబట్టి అదే అక్షరంతో రాసుకున్నారు. సాంగ్ కాలం దాకా మజిలీకి వాడిన మాట వేరు, "యీ". జపాన్ వాళ్లు ఆ పాత అక్షరాన్ని చైనా నుంచి తీసుకెళ్లి ఇప్పటికీ రైల్వే స్టేషన్లకు అదే వాడతారు, ఎకి అని చదువుతారు. జపాన్ మీదికి కుబ్లాయ్ 1274లో, 1281లో రెండుసార్లు ఓడలు పంపినా గెలవలేకపోయాడు. వాళ్ల దగ్గర పాత మాట నిలిచింది, చైనాలో మారింది. అటు రష్యాలో కూడా గుర్రపు మజిలీకి యామ్ అనే మాట మంగోలుల నుంచి వచ్చిందే.

నిఖార్సు | శనివారం, ఉదయం 9:05

ఒప్పుకున్నాను. ఇది నాకు కొత్త సంగతి.

రంగస్థలం | శనివారం, మధ్యాహ్నం 12:15

నాటకం పేరెత్తితే బాధ అన్న ఎర్ర సిరా గారికి ఒక మాట చెప్పుకోవాలి. యువాన్ నాటకాలే ఆ బాధకు సాక్ష్యాలు. నేను ముప్పై ఏళ్లుగా పరిషత్తు నాటకాలు ఆడుతున్నాను, ఆ అనుభవంతోనే రాస్తున్నాను. గువాన్ హాన్‌చింగ్ అనే ఆయన దాదూలో ఉండి రాసిన "దోవ్ ఎ" కథ వినండి. దోవ్ ఎ ఒక పేద యువతి. అప్పు తీర్చలేని తండ్రి చిన్నప్పుడే ఆమెను వడ్డీ వ్యాపారం చేసే ఒక విధవరాలికి కోడలుగా వదిలేసి పోతాడు. భర్త చనిపోతాడు. ఒక దుర్మార్గుడు ఆమెను పెళ్లి చేసుకోవాలని చూసి, అత్తకు పెట్టిన విషం తన తండ్రే తాగి చస్తే ఆ నేరం ఆమె మీదకు నెడతాడు. న్యాయాధికారి కొట్టించినా ఆమె ఒప్పుకోదు, అత్తను కొడతామనేసరికి "నేనే చేశాను" అంటుంది. తల తీసే ముందు మూడు మాటలు అంటుంది. నేను నిర్దోషినైతే నా నెత్తురు నేల రాలకుండా పైన కట్టిన తెల్ల గుడ్డకే చిమ్మాలి, ఈ ఎండాకాలంలో మంచు కురవాలి, మూడేళ్లు ఈ ప్రాంతంలో చినుకు పడకూడదు. మూడూ జరుగుతాయి.

ఇది వీధిలో నిలబడి చూసిన జనానికి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. కోర్టులో తమ మాట చెల్లని జనం వాళ్లు. ఆకాశాన్నీ భూమినీ పేరు పెట్టి నిలదీసే పాట ఉంది ఆ నాటకంలో, మంచి చెడ్డ తేడా తెలియకపోతే నువ్వేం భూమివి, నువ్వేం ఆకాశానివి అని. మంగోలులను ఎక్కడా ఒక్క మాట అనలేదు, కథ ఎప్పటిదో పాతకాలానిది. అనాల్సిందంతా అన్నట్టే ఉంటుంది.

మంగోలుల కింద సర్కారు ఉద్యోగ పరీక్షలు ఆగిపోయి చదువుకున్నవాళ్లకు దారి లేక నాటక సమాజాల వైపు రావడం వల్లే ఇదంతా పుట్టింది. పద్యాలు రాయాల్సినవాళ్లు సంతలో ఆడేవాళ్లకు మాటలు రాశారు, అందుకే ఆ భాష వాడుక భాషకు అంత దగ్గర. ఇప్పటికి నూట అరవైకి పైగా నాటకాలు మిగిలాయి.

కృష్ణాతీరం మేష్టారు | శనివారం, సాయంత్రం 4:30

రంగస్థలం గారూ, చాలా బాగా రాశారు. ఒక చిన్న సవరణ. పరీక్షలు లేకపోవడం వల్లే నాటకం పుట్టింది అనలేం. ఉత్తరాది పట్టణాల్లో జిన్ కాలం నుంచే ఆటగాళ్ల బృందాలు, పాట కథలు, డబ్బులిచ్చి చూసే జనం ఉన్నారు. పొయ్యి ముందే వెలిగి ఉంది, పని లేని పండితులు వచ్చి పడేసరికి మంట ఎగిసింది. ఇంకో సంగతి, ఆ నాటకాల్లో చాలావాటి ప్రతులు మనకు యువాన్ తర్వాత వచ్చిన మింగ్ వంశం కాలం వాళ్లు సవరించి అచ్చు వేసినవే. కాబట్టి ఏ మాట గువాన్‌ది, ఏది తర్వాతివాళ్లది అని జాగ్రత్తగా చూడాలి.

పరీక్షల సంగతే ఇంకా లోతుగా ఉంది. మళ్లీ పెట్టమని 1313లో ఆజ్ఞ వచ్చింది, 1315లో మొదలయ్యాయి. రాజధాని పరీక్షకు దేశమంతటి నుంచి 300 మందిని పంపాలి, నాలుగు అంతస్తులకూ తలా 75. మంగోలులు గుప్పెడు, దక్షిణాది వాళ్లు కోట్లు, అయినా వాటా ఒక్కటే! ఆ అన్యాయం ఒకవైపు. రెండోవైపు, ఆ ఆజ్ఞలోనే జూ షీ అనే సాంగ్ పండితుడి వ్యాఖ్యానాలను పాఠంగా పెట్టారు. సొంత సాంగ్ రాజ్యంలో జూ షీ బతికుండగా ఆయన బోధలను కొన్నాళ్లు నిషేధించారు కూడా. ఆయన్ను దేశమంతా చదివి తీరాల్సిన గురువుగా చేసింది మంగోలు చక్రవర్తి దర్బారు. 1905లో పరీక్షలు రద్దయ్యేదాకా ఆ పాఠమే నడిచింది. మనం "అచ్చమైన చైనా సంప్రదాయం" అనుకునేదాని మీద ముద్ర వేసిన చెయ్యి ఎవరిదో చూశారా? ఫార్వర్డ్‌లో చెప్పిన "అరిగించుకోవడం" అనే మాట నాకు నచ్చనిది ఇందుకే. ఎవరు ఎవరిని అరిగించుకున్నారో విడదీయడం అంత సులభం కాదు.

మగ్గం చప్పుడు | శనివారం, రాత్రి 8:45

మాది పొందూరు. వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి, ఏకులు చుట్టి నూలు వడికే ఇంట్లో పుట్టాను. అందుకే నాకు యువాన్ కాలం అంటే ముందు గుర్తొచ్చేది హువాంగ్ దావోపో. షాంఘై దగ్గరి సోంగ్‌జియాంగ్ ప్రాంతం ఆమెది. అత్తింటి బాధలు పడలేక చిన్నప్పుడే పారిపోయి హైనాన్ ద్వీపం చేరిందని, అక్కడి లీ తెగ ఆడవాళ్ల దగ్గర పత్తి పని నేర్చుకుందని చెబుతారు. 1295 ప్రాంతంలో సొంత ఊరికి తిరిగొచ్చింది. గింజ తీసే పనిముట్టు, దూది ఏకే పెద్ద విల్లు, కాలితో తొక్కుతూ ఒకేసారి మూడు కదుళ్ల మీద వడికే రాట్నం ఊరి ఆడవాళ్లకు నేర్పింది. మా అమ్మ ఒక్క కదురు మీద రోజంతా వడికితే ఎంత నూలొచ్చేదో నాకు తెలుసు, మూడు కదుళ్లు అంటే ఏమిటో కూడా తెలుసు.

పత్తి మన దేశంలో పుట్టిన పంటే. చైనా దక్షిణ అంచుల్లో, పశ్చిమ అంచుల్లో ముందునుంచీ ఉన్నా నడిమి దేశంలో మామూలు జనం కట్టింది నార బట్ట, డబ్బున్నవాళ్లు పట్టు. యువాన్ ప్రభుత్వం 1289లో పత్తి కోసం ప్రత్యేక కార్యాలయాలు పెట్టి పన్ను కింద బట్ట వసూలు చేసింది. అది జనం మీద బరువే, కాదనను. కానీ మింగ్ కాలానికల్లా పేదవాడి ఒంటి మీద చలికి నూలు బట్ట వచ్చిందంటే ఆ దారి ఇక్కడ మొదలైంది. ఆమెకు ఆ ఊళ్లో గుడి కట్టారు. నేత పని చేసిన ఆడమనిషికి గుడి కట్టిన ఊరు అది, నాకు ఒక్కసారైనా చూడాలని ఉంది.

ఎర్ర సిరా | ఆదివారం, ఉదయం 7:10

మగ్గం చప్పుడు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను మొదట రాసినదాంట్లో మార్చుకునేదేమీ లేదు గానీ, దానికి కలపాల్సింది ఉంది.

నీలి పూల పింగాణీ సంగతి చూడండి. చైనా పింగాణీ అనగానే ప్రపంచం మొత్తానికి గుర్తొచ్చే తెల్లమట్టి మీద నీలి బొమ్మలు యువాన్ కాలంలో జింగ్‌దెజెన్‌లో నిలదొక్కుకున్నవి. మట్టి, కొలిమి, పనితనం చైనావాళ్లవి, నీలి రంగుకు కావాల్సిన కోబాల్టు ఇరాన్ వైపు నుంచి వచ్చేది, కొన్నవాళ్లలో పశ్చిమాసియా వాళ్లు ముఖ్యులు. చైనా, ఇరాన్ రెండు చోట్లా చెంఘిజ్ మనవళ్ల వంశాలే ఏలబట్టి ఆ దారి తెరిచి ఉంది. వాటిలో ఎంతో పేరున్న ఒక కూజాల జత లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, గుడికి కానుకగా ఇచ్చినవి, వాటి మెడ మీద రాసిన సంవత్సరం మన లెక్కలో 1351.

అదే 1351లో ఏం జరిగిందో చూడండి. 1344లో పసుపు నది (హువాంగ్ హో) గట్లు తెగి ఊళ్లకు ఊళ్లు మునిగాయి, కరువు, అంటురోగాలు. నదిని మళ్లీ దారికి తేవడానికి 1351లో లక్షన్నర మంది రైతులను మట్టి పనికి తోలారు. ఖజానా ఖాళీ, దాంతో కాగితం నోట్లు ఇష్టమొచ్చినట్టు అచ్చు వేశారు, వాటికి విలువ లేకుండా పోయింది. ఆ గట్ల మీదే ఎర్ర తలపాగాల తిరుగుబాటు రాజుకుంది. 1344 కరువులోనే తల్లినీ తండ్రినీ అన్ననూ పోగొట్టుకుని, పూడ్చడానికి జానెడు నేల కూడా లేక మఠంలో చేరిన కుర్రాడు జూ యువాన్‌జాంగ్. 1368లో మింగ్ వంశం స్థాపించింది ఆయనే. ఆ కూజాలు ఎంత అందంగా ఉన్నా, వాటి మీది సంవత్సరం చదివినప్పుడు నాకు ఆ మట్టి తట్టలు మోసినవాళ్లే కనిపిస్తారు. రెండూ కలిపి చెప్పాలి, అదొక్కటే నా కోరిక.

ఓరుగల్లు కోట | ఆదివారం, ఉదయం 10:30

మన వైపు కూడా ఒక దారం ఉంది. కుబ్లాయ్ కొలువులో ఉన్న మార్కో పోలో తిరుగు ప్రయాణం గురించి చెబుతూ ముత్‌ఫిలి అనే రాజ్యాన్ని వర్ణించాడు, అది మన మోటుపల్లి రేవు. భర్త పోయాక న్యాయంగా రాజ్యమేలిన రాణి అన్నాడు, రుద్రమదేవి అనే చరిత్రకారుల అభిప్రాయం (ఆమె గణపతిదేవుడి కూతురు, పోలో దాన్ని తప్పుగా విన్నాడు). సాలెగూడులా సన్నని బట్టలు, వజ్రాలు అని రాశాడు. చైనాలోని చువాన్‌జౌ రేవులో 1281 నాటి తమిళ శాసనం కూడా ఒకటి దొరికింది, ఖాన్ క్షేమం కోరి శివుణ్ణి ప్రతిష్ఠించామని తమిళ వర్తకులు వేయించింది, చివర ఒక వరుస చైనా లిపిలో ఉంటుంది.

నిఖార్సు | ఆదివారం, ఉదయం 10:48

పోలో చైనా వెళ్లాడా లేదా అనే అనుమానం ఉంది కదా? టీ గురించి రాయలేదు, చైనా మహా గోడ గురించి రాయలేదు అంటారు.

కృష్ణాతీరం మేష్టారు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఇప్పుడు కనబడే ఇటుక గోడలో ఎక్కువ భాగం మింగ్ కాలం నాటిది, కాబట్టి అది లెక్కలోకి రాదు. నోట్ల తయారీ, ఉప్పు పన్నుల వివరాలు ఆయన రాసినవి చైనా లెక్కలతో బాగా కుదురుతున్నాయి. వెళ్లాడనే చాలామంది నమ్ముతారు, నేనూ నమ్ముతాను.

పాత పేజీ | ఆదివారం, మధ్యాహ్నం 2:00

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ పేరుపేరునా థాంక్స్. మొదటి ప్రశ్నలో ఒక భాగం మిగిలింది. 1368 తర్వాత మంగోలులు ఏమయ్యారు, చైనావాళ్లలో కలిసిపోయారా?

కృష్ణాతీరం మేష్టారు | ఆదివారం, సాయంత్రం 5:20

కొందరు అక్కడే ఉండి కలిసిపోయారు. రాచకుటుంబం కలవలేదు. ఆఖరి చక్రవర్తి తోఘోన్ తెమూర్ దాదూ వదిలి ఉత్తరానికి వెళ్లిపోయాడు, 1370లో అక్కడే పోయాడు, ఆయన వారసులు అక్కడి గడ్డి మైదానాల్లో (స్టెప్పీల్లో) ఖాన్లుగానే కొనసాగారు. 1449లో మంగోలు నాయకుడు ఎసెన్ తూమూ దగ్గర మింగ్ చక్రవర్తినే బందీగా పట్టుకున్నాడు! అరిగిపోయినవాళ్లు చేసే పనేనా అది? ఏలిన కాలంలో కూడా వాళ్లు ఏటా ఎండాకాలం ఉత్తరాన ఉన్న వేసవి రాజధాని శాంగ్‌దూకు తరలిపోయేవాళ్లు, దాదూ కోటలోనే గుడారాలు వేసుకునేవాళ్లు, కుబ్లాయ్ తన వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో మరవకూడదని స్టెప్పీ గడ్డి తెప్పించి కోటలో నాటించాడు. అటు చైనావాళ్లే కొందరు మంగోలు పేర్లు పెట్టుకుని, ఆ ఉడుపులు వేసుకున్నారు. మింగ్ చక్రవర్తి గద్దె ఎక్కగానే ఆ బట్టలూ పేర్లూ వద్దని ఆజ్ఞలు వేయాల్సి వచ్చిందంటే ఎంతగా అలవాటయ్యాయో చూడండి. బట్టలు పోయాయి గానీ షెంగులు ఉండిపోయాయి, సైనికుడి కొడుకు సైనికుడే, పనివాడి కొడుకు పనివాడే అని కుటుంబాలను కట్టిపడేసే పద్ధతి ఉండిపోయింది, 1421లో రాజధాని మళ్లీ ఆ బీజింగ్‌కే వెళ్లింది.

బీజింగ్ బాటసారి | ఆదివారం, రాత్రి 7:40

ఇంకొకటి చెప్పి ఆపుతాను. కుబ్లాయ్ తన రాజ్యంలోని అన్ని భాషలకూ ఒకే లిపి ఉండాలని టిబెట్ గురువు ఫాగ్స్‌పా చేత ఒక లిపి తయారు చేయించి 1269లో ఆజ్ఞ ఇచ్చాడు. అది టిబెట్ లిపి నుంచి వచ్చింది, టిబెట్ లిపి బ్రాహ్మీ కుటుంబానిది. అంటే మన తెలుగు లిపికి దూరపు చుట్టం. అక్షరమాల కూడా క, ఖ, గ, ఙ అనే మొదలవుతుంది. రాజముద్రల మీద, శాసనాల మీద చైనా భాషను ఆ లిపిలో రాశారు. జనంలో మాత్రం అంటుకోలేదు.

బీజింగ్‌కు ఉత్తరాన జూయోంగ్ కనుమలో 1345లో పూర్తయిన రాతి ద్వారం ఉంది. దాని లోపలి గోడల మీద ఆరు లిపులు చెక్కారు, సంస్కృత మంత్రాలకు వాడే రంజన లిపి, టిబెట్, ఫాగ్స్‌పా, ఉయ్ఘూర్, తంగుత్, చైనా. గోడ చూడటానికి పోయే బస్సులు చాలావరకు ఆ పక్కనుంచే పోతాయి, ఎవరూ దిగరు. నేనూ ఒకసారి దిగకుండా పోయాను. వచ్చే శనివారం సెలవు, ఈసారి ఆ ద్వారం కోసమే వెళ్తాను. ఫాగ్స్‌పా "క" గుర్తుపట్టగలిగితే ఫొటో పెడతాను.

పాత పేజీ | ఆదివారం, రాత్రి 7:52

తప్పకుండా పెట్టండి అన్నా. వీలైతే పక్కనున్న టిబెట్ "క" కూడా కనిపించేలా తీయండి, రెండూ పక్కపక్కన పెట్టి బాబాయికి పంపిస్తాను.